నా పంచ్‌లో పవర్ లేదు సార్, బాక్సింగ్ మానేయాలా?

ప్రశ్న: నాది కరీంనగర్. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను, పందొమ్మిదేళ్లు. మూడేళ్లుగా బాక్సింగ్ నేర్చుకుంటున్నాను, 60 కిలోల విభాగం. స్టామినా బాగుంది, ఫుట్‌వర్క్ బాగుంది అంటారు. కానీ నా పంచ్ తగిలితే ఎదుటివాడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. నా తర్వాత ఏడాదికి చేరిన ఒక అబ్బాయి ఒక్క రైట్ కొడితే అవతలివాడు తూలిపోతాడు. మా కోచ్ ‘పవర్ దేవుడిచ్చేది రా, నీకివ్వలేదు, నువ్వు పాయింట్లు చూసుకో’ అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు బాలేదు. రెండు నెలలుగా చెరో చేతిలో మూడు కిలోల డంబెల్ పట్టుకుని షాడో బాక్సింగ్ చేస్తున్నా, బ్యాగ్‌ని ఉన్న బలమంతా పెట్టి కొడుతున్నా. పంచ్ మారలేదు గాని కుడి మణికట్టు నొప్పి మొదలైంది. పవర్ నిజంగా పుట్టుకతోనే వస్తుందా సార్? అలాగైతే నేను ఈ ఆటలో ఉండి లాభమేంటి?

జవాబు:

తమ్ముడూ, డంబెల్స్ ఈ రోజుతో ఆపెయ్. మణికట్టు గురించి చివర్లో వివరంగా రాస్తాను. ముందు నిన్ను అంతగా బాధపెట్టిన మాట సంగతి చూద్దాం.

గట్టి దెబ్బ కొట్టేవాడు పుడతాడే గాని తయారు కాడు అనే మాట బాక్సింగ్‌లో తరాలుగా ఉంది. మీ కోచ్ కూడా ఎక్కడో విన్నదే నీకు చెప్పి ఉంటారు. అందులో నిజం ఉంది. దాన్ని దాచిపెట్టి నీకు ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు. అమెరికా హెవీవెయిట్ డియాంటే వైల్డర్‌ను చూడు. ఇరవై ఏళ్లు వచ్చేదాకా అతనికి బాక్సింగ్ తెలియదు. వెన్నెముక లోపంతో పుట్టిన కూతురి కోసం డబ్బు సంపాదించాలని 2005లో జిమ్‌లో చేరాడు. మూడేళ్లు తిరిగేసరికి బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచాడు. ప్రొఫెషనల్ అయ్యాక మొదటి 32 మందినీ నాకౌట్ చేశాడు. టెక్నిక్ చూస్తే ఏ కోచ్‌కైనా చెమటలు పడతాయి, చేతులు అంత వెడల్పుగా విసురుతాడు. అయినా 2018లో తనకన్నా ఇరవై కిలోలు ఎక్కువ ఉన్న బ్రిటన్ బాక్సర్ టైసన్ ఫ్యూరీని ఒకే ఫైట్‌లో రెండుసార్లు కింద పడేశాడు. ఇలాంటి దెబ్బ సాధనతోనే వచ్చిందంటే ఎవరూ నమ్మరు.

పుట్టుకతో వచ్చేవి ఏమిటో కూడా చెప్పుకుందాం. వేగంగా ముడుచుకునే కండరాల పాలు ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. చేతుల పొడవు, భుజాల వెడల్పు, కండర బంధనం ఎముకకు ఎక్కడ అతుక్కుందనేది, మణికట్టు మందం, పిడికిలి సైజు, ఇవేవీ మన చేతుల్లో లేవు. ఒంటి బరువు సరేసరి, అసలు వెయిట్ కేటగిరీలు పెట్టిందే అందుకు. మీ జిమ్‌లో ఆ అబ్బాయికి వీటిలో కొన్ని ఎక్కువే దొరికి ఉండవచ్చు. అతన్ని చూసి కుళ్లుకోవద్దు, అతనితో పోల్చుకోనూ వద్దు.

అయితే పుట్టుక నిర్ణయించేది పైకప్పు ఎత్తును. నువ్వు ఆ కప్పుకి తల తగిలేంత దూరం వచ్చావా అన్నది వేరే సంగతి. నీ ఉత్తరం చదివాక నాకు అనిపించింది, నువ్వింకా గుమ్మం కూడా దాటలేదని.

ఎందుకంటావా? నువ్వు రాసిన ఒక వాక్యం చూడు: ‘ఫుట్‌వర్క్ బాగుంది అంటారు’. పంచ్‌లో పవర్ లేదని బాధపడే కుర్రాళ్లలో ఎక్కువమంది నీలాగే చలాకీగా కదిలేవాళ్లు. ఎప్పుడూ మునివేళ్ల మీదే ఉంటారు. కొట్టడం, వెనక్కి జరగడం ఒకేసారి జరిగిపోతుంటాయి. చెయ్యి ఎదుటివాడి ముఖానికి చేరే సమయానికి కాళ్లు అప్పటికే వెనక్కి బయల్దేరి ఉంటాయి. ఒళ్లు వెనక్కి పోతుంటే చెయ్యి ఒక్కటీ ముందుకెళ్లి ఏం చేస్తుంది? తాకుతుంది, పాయింటు వస్తుంది, అంతే.

బాక్సింగ్ చరిత్రలో దీనికి ఒక గొప్ప ఉదాహరణ ఉంది. అమెరికాలోని డెట్రాయిట్‌లో క్రాంక్ అని ఒక జిమ్ ఉండేది. నేలమాళిగలో ఉక్కపోతగా ఉండే గది. అక్కడ ఇమాన్యుయెల్ స్టీవర్డ్ దగ్గర థామస్ హెర్న్స్ అని ఒక బక్కపలచని కుర్రాడు నేర్చుకునేవాడు. అమెచ్యూర్‌గా నూట యాభైకి పైగా బౌట్లు గెలిచాడు, వాటిలో నాకౌట్లు పన్నెండు మాత్రమే. జాబ్ (ముందు చేత్తో చురుగ్గా, నేరుగా కొట్టే పంచ్) వేసి తప్పుకునే ఆట. అప్పట్లో అతన్ని చూసినవాళ్లెవరూ ‘వీడి చేతిలో డైనమైట్ ఉంది’ అని ఉండరు. 1977లో ప్రొఫెషనల్ అయ్యాడు. మొదటి 17 ఫైట్లలో 17 మందీ నాకౌట్. 1980లో, గట్టి దెబ్బకు పేరుమోసిన మెక్సికో ఛాంపియన్ పిపినో క్యూవాస్‌ను రెండో రౌండ్‌లోనే పడగొట్టి వెల్టర్‌వెయిట్ టైటిల్ తీసుకున్నాడు. జనం అతనికి హిట్‌మ్యాన్ అని పేరు పెట్టేశారు.

మధ్యలో ఏం మారింది? స్టీవర్డ్ అతని బ్యాలెన్స్ మార్చాడు. పాదాలు నేలకు ఆనించి, ఒంటి బరువు పంచ్ వెంట వెళ్లేలా నిలబడడం నేర్పాడు. ఇక్కడ రెండు విషయాలు ఒప్పుకోవాలి. అమెచ్యూర్ బౌట్లు మూడే రౌండ్లు, గ్లోవ్స్ మెత్తన, కాబట్టి అక్కడ ఎవరికైనా నాకౌట్లు తక్కువే. పైగా హెర్న్స్ ఆరడుగుల ఒక అంగుళం మనిషి, చేతులు చాపితే దాదాపు రెండు మీటర్లు, బరువు చూస్తే 67 కిలోల లోపు. అంత పొడుగు చేతులు దేవుడిచ్చినవే. కానీ ఆ చేతులు అమెచ్యూర్ రోజుల్లోనూ ఉన్నాయి కదా! ఉన్నది బయటికి తీయడానికి ఒక మంచి గురువు, కాళ్ల కింద చిన్న మార్పు కావలసి వచ్చాయి.

కాళ్ల గురించి ఇంతగా చెబుతున్నది నా అభిప్రాయంగా మాత్రమే తీసుకోకు. 1980లలో సోవియట్ పరిశోధకులు 120 మంది బాక్సర్ల స్ట్రెయిట్ పంచ్‌ను కొలిచి, ఆ బలంలో ఏ భాగం ఎక్కడి నుంచి వస్తోందో లెక్క తీశారు. పైస్థాయి బాక్సర్లలో కాళ్ల నుంచి సుమారు 38 శాతం, నడుము తిరగడం వల్ల 37 శాతం, చేతి నుంచి 24 శాతమే వచ్చింది. కింది స్థాయి వాళ్లలో కాళ్ల వాటా సుమారు 16 శాతానికి పడిపోయింది, చేతి వాటా 38 శాతానికి పెరిగింది. ఇంకొకటి: బ్రిటన్ పరిశోధకులు 2000లో ప్రచురించిన కొలతల్లో, వెనక చేతి పంచ్ కొత్తవాళ్లలో సగటున 2,400 న్యూటన్లకు (న్యూటన్ అంటే బలాన్ని కొలిచే ప్రమాణం) కాస్త తక్కువ, మధ్యస్థాయి వాళ్లలో 3,700, ఉన్నతస్థాయి వాళ్లలో 4,800. రెట్టింపు తేడా. బలం ఉన్నవాళ్లే పైకి వస్తారు కాబట్టి ఈ తేడా అంతా సాధనదే అనలేం, నిజమే. కానీ మొదటి లెక్కతో కలిపి చదువు. పైవాళ్ల దగ్గర ఎక్కువగా ఉన్నది కాళ్ల పని. కాళ్ల పని నేర్చుకునేది.

ఇక నీ బ్యాగ్ సంగతి. ‘ఉన్న బలమంతా పెట్టి కొడుతున్నా’ అన్నావు. రేపు జిమ్‌కి వెళ్లాక ఎడమ చేత్తో కొట్టి బ్యాగ్ ఎలా కదులుతుందో చూడు. పంచ్ తగలగానే బ్యాగ్ దూరంగా ఊగి, మళ్లీ నీ మీదకు వస్తోందంటే నువ్వు దాన్ని నెడుతున్నావు. సరైన పంచ్‌కి బ్యాగ్ పెద్దగా ఊగదు. తగిలినచోట లోపలికి నొక్కుకుపోతుంది, గొలుసు ఒక్కసారి ఝల్లుమంటుంది, శబ్దం పొడిగా, పొట్టిగా వస్తుంది. చెయ్యి వెళ్లినంత వేగంగానూ వెనక్కి వచ్చేస్తుంది. చెవులతోనే తేడా తెలిసిపోతుంది, కళ్లు మూసుకున్నా సరే. మీ జిమ్‌లో ఆ అబ్బాయి కొట్టేటప్పుడు కూడా ఈసారి చేతిని చూడకు, అతని వెనక మడమను చూడు.

బలమంతా పెట్టడంలోనే ఒక చిక్కుంది. పళ్లు బిగించి, భుజాలు ఎత్తి, పిడికిలి మొదటి నుంచీ బిగబట్టి కొడితే, చేతిని ముందుకు పంపే కండరంతో పాటు దాన్ని వెనక్కి లాగే కండరం కూడా బిగుసుకుంటుంది. నీ చెయ్యే నీ చెయ్యిని ఆపుతుంది. కెనడా శాస్త్రవేత్త స్టూవర్ట్ మెక్‌గిల్ బృందం మంచి ఎంఎంఏ (బాక్సింగ్, తన్నులు, కుస్తీ కలిసిన ఆట) ఫైటర్ల ఒంటికి ఎలక్ట్రోడ్లు అతికించి చూసి 2010లో రాసిన విషయం ఇదే: దెబ్బ మొదలయ్యేటప్పుడు కండరాలు ఒకసారి బిగుస్తాయి, దారిలో వదులవుతాయి, తగిలే క్షణంలో మళ్లీ బిగుస్తాయి. ఆ వదలడం వల్లే వేగం, రెండోసారి బిగుసుకోవడం వల్లే బరువు. కొత్తవాళ్లకు కష్టమయ్యేది ఆ మధ్యలో వదలడం. దానికి చాలా ఓపిక కావాలి. పవర్ లేదన్న టెన్షన్‌లో ఉన్నవాడికి అది మరీ కష్టం, అందుకే ఆ మాటను మనసులోంచి తీసెయ్యమంటున్నాను.

డంబెల్ వల్ల లాభం ఎందుకు లేదో ఇప్పుడు నీకే అర్థమై ఉంటుంది. అది చేతిని కిందికి లాగుతుంది, పంచ్ వెళ్లాల్సింది ముందుకి. దాన్ని మోయడానికి భుజం బిగుస్తుంది, వేగం తగ్గుతుంది, కాళ్లు తిరగడం మానేస్తాయి. మూడు కిలోలతో రోజూ అలా చేస్తే నెమ్మదిగా, బిగుతుగా కొట్టడం అలవాటవుతుంది. చివర్లో మోచెయ్యి, మణికట్టు కుదుపు తినేది వేరే.

మరి ఏం చేయాలి? రైట్ క్రాస్‌తో, అంటే వెనక ఉన్న కుడిచేత్తో నేరుగా కొట్టే పంచ్‌తో మొదలుపెట్టు, గ్లోవ్స్ లేకుండా, అద్దం ముందు, గాలిలో, చాలా నెమ్మదిగా. వెనక పాదం మునివేళ్లను నేల మీద బీడీ ముక్క నలిపినట్టు తిప్పు. మడమ లేచి బయటికి తిరగాలి, దాని వెంట మోకాలు, దాని వెంట తుంటి, ఆ తర్వాత భుజం, అన్నిటికన్నా చివర చెయ్యి. ఈ వరస తప్పితే మళ్లీ మొదలుపెట్టు. తల ముందు మోకాలిని దాటి వెళ్లకూడదు, వెళ్తే బ్యాలెన్స్ పోయినట్టే. పంచ్ పూర్తయిన చోట ఆగి ఫ్రెండ్‌ని ఛాతీ మీద చేత్తో నెట్టమను. వెనక్కి తూలకుండా నిలబడగలిగితే బరువు సరైన చోటే ఉంది. దీన్ని రోజూ పది నిమిషాలు చెయ్యి. విసుగొస్తుంది, అయినా చెయ్యి. మూడు, నాలుగు వారాల తర్వాత ప్యాడ్స్ (కోచ్ చేతులకు తొడుక్కుని పట్టుకునే మెత్తలు) మీద సగం బలంతో అదే. దూరం కూడా చూసుకో, చెయ్యి పూర్తిగా చాపాక కొసతో తగిలే పంచ్‌లో పస ఉండదు. ఎదుటివాడి ముఖం దాటి ఓ అరచేతి మందం లోపల లక్ష్యం ఉందనుకుని కొట్టాలి.

ఒంటి బలం కూడా కావాలి, ఆ మాట తీసిపారేయను. మన తాలింఖానాల్లో పెద్దవాళ్లు దండీలు, బస్కీలు తీయించింది ఊరికే కాదు. వారానికి రెండు రోజులు బరువుతో స్క్వాట్లు, డెడ్‌లిఫ్ట్, ఎవరైనా నేర్పేవాళ్లు పక్కన ఉంటేనే. వాటితో పాటు ఎత్తుకు గెంతడం, మూడు, నాలుగు కిలోల మెడిసిన్ బాల్‌ను నడుము తిప్పి గోడకేసి కొట్టడం. ఏది చేసినా తక్కువసార్లు, పూర్తి వేగంతో, మధ్యలో బాగా విశ్రాంతి తీసుకుని చెయ్యి. రొప్పుతూ చేస్తే అది స్టామినా ఎక్సర్‌సైజ్ అవుతుంది, నీకు స్టామినా ఉండనే ఉంది. ఛాతీ, కండలు పెంచే వర్కవుట్లు నీకక్కర్లేదు, బరువు పెరిగి కేటగిరీ మారిపోతావు.

ఇంకో సంగతి ఉంది, దీన్ని చాలామంది పవర్ అనుకుని పొరబడతారు. మనిషి పడిపోయేది తల ఒక్కసారిగా మెలితిరిగి మెదడు కుదుపుకు లోనైనప్పుడు. వస్తున్న పంచ్ కనబడితే మెడ దానంతటదే బిగుసుకుని తలను కాపాడుతుంది. కనబడని పంచ్‌కి ఆ రక్షణ ఉండదు. అందుకే సమయం చూసి కొట్టిన మామూలు పంచ్‌కి మనిషి పడతాడు, ఎదురుచూస్తున్న గట్టి పంచ్‌ని తట్టుకుంటాడు. అమెరికా హెవీవెయిట్ జార్జ్ ఫోర్‌మన్ 1994లో అప్పటి ఛాంపియన్ మైకేల్ మూరర్‌ను పడగొట్టినప్పుడు వయసు 45. కాళ్లలో వేగం పోయింది, స్కోరులో వెనకబడి ఉన్నాడు. అతని దెబ్బలో పుట్టుబలం ఉంది, ఎవరూ కాదనరు. కానీ ఆ బలం పనికొచ్చేలా చేసింది తొమ్మిది రౌండ్లు జాబ్‌తో మూరర్‌ను తన ముందు నిలిచేలా అలవాటు చేసిన ఓర్పు. పదో రౌండ్‌లో కొట్టిన ఆ రైట్ ఎంత పొట్టిదో వీడియో దొరికితే చూడు. నీకు ఫుట్‌వర్క్ ఉంది, ఎదుటివాడిని నీకు కావలసిన చోటికి తేగలవు. అతను ముందుకు అడుగు వేస్తున్న క్షణంలో నువ్వు నిలబడి కొడితే అతని బరువు కూడా నీ పంచ్‌లో కలుస్తుంది. ఇది మీ జిమ్‌లోని ఆ అబ్బాయికన్నా నీకే తొందరగా వస్తుందని నా నమ్మకం.

అయితే ఇదంతా స్పారింగ్‌లో (జిమ్‌లో తోటివాళ్లతో చేసే సాధన పోరులో) వాళ్ల తలల మీద పరీక్షించకు. పవర్ సాధన బ్యాగ్ మీద, ప్యాడ్స్ మీదే. స్పారింగ్‌లో టైమింగ్ మాత్రం చూసుకో, తగిలితే చాలు. మీవాళ్లలో ఎవరికైనా దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, మసక చూపు వస్తే ఆ రోజుకి ఆట బంద్, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

‘ఈ ఆటలో ఉండి లాభమేంటి’ అన్నావు. నువ్వు ఉన్న రాష్ట్రం నుంచే నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయింది, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో. ఆ రెండు ఫైనల్సూ జడ్జిల నిర్ణయంతో, 5-0తో గెలిచినవే. అమెచ్యూర్‌లో మూడు రౌండ్లు ఎవరు శుభ్రంగా కొట్టారన్నదే లెక్క. ప్రొఫెషనల్స్‌లోనూ అమెరికాకు చెందిన పౌలీ మలినాజీ 36 ఫైట్లు గెలిస్తే అందులో నాకౌట్లు ఏడే. అయినా రెండు వేర్వేరు వెయిట్లలో ప్రపంచ టైటిల్ గెలిచాడు. మరోవైపు, అంత పవర్ ఉన్న వైల్డర్‌ను 2020లోనూ 2021లోనూ ఫ్యూరీ చిత్తుగా ఓడించాడు. కాబట్టి మీ కోచ్ చెప్పినదాంట్లో ‘పాయింట్లు చూసుకో’ అన్న సగం మంచి సలహానే. దేవుడివ్వలేదన్న సగం మాత్రం నీ వెనక మడమ సరిగ్గా తిరగడం నేర్చుకున్నాక తేల్చాల్సింది. ఆయనతో వాదనకు దిగకు. ‘సార్, నా వెనక కాలు చూసి చెబుతారా’ అని అడుగు. శిష్యుడు అలా అడిగితే కాదనే కోచ్ నాకింతవరకు తగల్లేదు.

ఇక మణికట్టు. బొటనవేలి మొదట్లో, బొటనవేలిని వెనక్కి చాపితే చిన్న గుంట కనబడే చోట నొక్కితే నొప్పిగా ఉందేమో చూసుకో. అక్కడ ఒక చిన్న ఎముక ఉంటుంది, అది చిట్లితే రక్తప్రసరణ తక్కువై అతుక్కోవడం ఆలస్యమవుతుంది, మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా. అందుకని కట్టు కట్టించుకుని సరిపెట్టుకోకు, ఈ వారమే ఎముకల డాక్టర్‌కి చూపించు, బాక్సింగ్ చేస్తానని కూడా చెప్పు. గట్టిగా కొట్టేవాళ్లకే చేతులు తొందరగా పాడవుతాయి. 1985లో మిడిల్‌వెయిట్ ఛాంపియన్ మార్విన్ హాగ్లర్‌తో ఫైట్‌లో హెర్న్స్ కుడిచెయ్యి మొదటి రౌండ్‌లోనే విరిగింది, మూడో రౌండ్‌లో ఓడిపోయాడు. నీ పంచ్ పెరిగేకొద్దీ మణికట్టు మీద భారం పెరుగుతుంది. హ్యాండ్ ర్యాప్ (గ్లోవ్ లోపల చేతికి చుట్టే గుడ్డ పట్టీ) మణికట్టు చుట్టూ కనీసం మూడు చుట్లు రావాలి, చూపుడువేలు, నడిమివేలు మెటికలతోనే తగలాలి, ముంజేయి, పిడికిలి వెనకభాగం ఒకే గీతలో ఉండాలి. డాక్టర్ సరేననేదాకా కుడిచేత్తో బ్యాగ్ కొట్టొద్దు, బాల్ విసరొద్దు. ఈలోగా ఎడమ చేతి జాబ్, అద్దం ముందు ఆ మడమ తిప్పే పని చేసుకో. వాటికి కుడి మణికట్టుతో పనిలేదు.